మనిషిని పెట్టుకుంటే సేటుకు ఎంత పడుతది?



"నెల కాంగనే మీరు చెయ్యి చాపుతరు. మనిషిని పెట్టుకుంటే మాకు ఎంత పడుతదో మీకేం ఎరుక?" షోలాపూర్‌లో ఏ కార్ఖానాకు పోయినా సేటు నోట ఈ మాట వినిపిస్తది. భివండిలో ఇదే మాట, ఇచల్‌కరంజిలో ఇదే మాట. ఇప్పుడు మన పిల్లలు పుణెకు, హైదరాబాదుకు నౌకరికి పోతున్నరు. అక్కడ ఇదే మాటను కాగితం మీద అచ్చువేసి ఇస్తున్నరు. దానికి సీటీసీ అని పేరు. మనిషిని పెట్టుకుంటే కంపెనీకి పడే మొత్తం ఖర్చు అన్నట్టు.

పోయిన నెల నన్ను ఇద్దరు అడిగిండ్రు. ఒక చెల్లె అడిగింది: "కొడుకుకు 20,000 అని కాగితం ఇచ్చిండ్రు, చేతికి 13,000 కూడా వస్తలేదు. మిగిలింది ఎవరు తింటున్నరు అన్నా?" ఒక తమ్ముడు అడిగిండు: "ఫండు వద్దని రాసిస్తే పగార్ మొత్తం చేతికే ఇస్త అంటున్నడు మా సేటు. ఒప్పుకోవాల్నా?" ఇద్దరి ప్రశ్నలకు జవాబు ఒక్క లెక్కలోనే ఉన్నది. ఆ లెక్క ఈసారి వేద్దాం.

నేను చదివింది నాలుగో తరగతి వరకే. కాబట్టి నాకు అర్థమైన లెక్క మీకు అర్థం కాకపోదు. 25 మంది పని చేసే కార్ఖానా అనుకోండి. ఒక మనిషికి బేసిక్, డీఏ కలిపి నెలకు 15,000 పగార్. ఈ 15,000 కాక చట్టం ప్రకారం సేటు ఇంకా ఏమేం పెట్టాలె?

ఫండు, అంటే పీఎఫ్, 12 శాతం: 1,800 రూపాయలు.
ఫండుతో పాటు ఉండే బీమా, అర శాతం: 75.
ఫండు ఆఫీసు ఖర్చుల కింద, అర శాతం: 75.
ఈఎస్‌ఐ, 3.25 శాతం: 488.
బోనస్, తక్కువలో తక్కువ 8.33 శాతం: 583.
గ్రాట్యుటీ: 721.
పగార్‌తో ఇచ్చే సెలవు: 721.

చివరి మూడింటి సంగతి కొంచెం విప్పి చెప్త. బోనస్‌ను మన పూరా పగార్ మీద కాదు, 7,000 మీద లెక్క కడతరు. సర్కారు ఆ పనికి పెట్టిన కనీస వేతనం 7,000 కంటే ఎక్కువ ఉంటే దాని మీద కట్టాలె. నేను తక్కువ లెక్కనే పట్టిన. గ్రాట్యుటీ అంటే చేసిన ప్రతి ఏడాదికి 15 దినాల పగార్. నెలకు 26 దినాల పని అని భాగించాలె. 15,000ను 26తో భాగిస్తే దినానికి 577, పదిహేను దినాలకు 8,654. దాన్ని పన్నెండు నెలలకు పంచితే 721. సెలవు కూడా అంతే. 20 దినాలు పని చేస్తే ఒక దినం సెలవు. ఏడాదికి 300 దినాలు చేస్తే 15 దినాలు. మనం సెలవులో ఉన్ననాడు సాంచ ఆగొద్దంటే బదిలీ మనిషిని పెట్టాలె. ఆ బదిలీ కూలి నెలకు 721 అన్నట్టు.

అన్నీ కూడితే 4,463. పగార్‌తో కలిపి సేటుకు పడేది 19,463. సేటు అబద్ధం చెప్తలేడు. 15,000 మనిషి ఆయనకు దగ్గర దగ్గర 20,000 పడుతడు.

ఇక మన దిక్కు చూడండి. 15,000లో మన వంతు ఫండు 12 శాతం, 1,800 కోత. ఈఎస్‌ఐ 0.75 శాతం, 113. మహారాష్ట్రలో మగవాళ్ళకు 10,000 దాటితే వృత్తి పన్ను నెలకు 200, ఫిబ్రవరిలో 300. ఇవి పోను చేతికి వచ్చేది 12,887. చెల్లె కొడుకు కాగితం మీద 20,000 ఉండి చేతికి 13,000 లోపు రావడానికి కారణం ఇదే కావచ్చు. పిల్లవాని పగార్ పట్టీ తీసి ఒక్కొక్క వరుస దీంతో పోల్చి చూడు చెల్లె.

సేటు జేబులోంచి పోయింది 19,463. మన చేతిలో పడ్డది 12,887. నడుమ 6,576 రూపాయలు. ఇవి ఏడికి పోయినయి? అసలు చూడవలసింది ఇక్కడనే.

అందులో 2,350 మన పేరు మీద ఫండు ఖాతాలో పడ్డది. మన 1,800, సేటు పెట్టిన దాంట్లోంచి 550. సేటు పెట్టిన మిగతా 1,250 మన పెన్షన్ కిందికి పోయింది. 75 బీమాకు పోయింది. నౌకరిలో ఉండగా మనిషి చనిపోతే ఇంటోళ్ళకు 7 లక్షల వరకు వచ్చేది ఈ బీమాతోనే. 601 ఈఎస్‌ఐకి పోయింది. 583 దీపావళికి చేతికి వస్తది. 721 గ్రాట్యుటీగా పేరుకుంటది. 721 మనం ఇంట్లో పడుకున్ననాడు మన స్థానంలో నిలబడ్డ బదిలీకి పోయింది. ఆయన కూడా మన గల్లీ మనిషే. మనది కానిది ఎంత? ఆఫీసు ఖర్చు 75, వృత్తి పన్ను 200. మొత్తం 275.

అంటే 6,576లో 275 తప్ప మిగిలిందంతా కార్మికుల సొమ్మే. కొంత పండుగకు వచ్చేది, కొంత రోగానికి వచ్చేది, కొంత ముసలితనానికి వచ్చేది. సేటు దీన్ని ఖర్చు అంటడు. మనం దీన్ని పగార్ అనాలె. ఆలస్యంగా వచ్చే పగార్. మన ఇండ్లలో దీన్ని పగార్ కింద లెక్క పెట్టం. లెక్క పెట్టని సొమ్ము పోతే పోయినట్టు కూడా తెల్వదు.

ఇప్పుడు తమ్ముని ప్రశ్న. ఫండు వద్దంటే, ఈఎస్‌ఐ వద్దంటే చేతికి నెలకు 1,913 ఎక్కువ వస్తది. వినడానికి బాగుంటది. కాని అందులో 1,800 మన సొమ్మే. ఒక జేబులోది ఇంకొక జేబులో పడ్డది, అంతే. నిజంగా మనకు మిగిలింది 113 రూపాయలు. సేటుకు మిగిలింది? ఫండు, బీమా, ఆఫీసు ఖర్చు, ఈఎస్‌ఐ కలిపి 2,438. హజిరి పుస్తకంలో మన పేరే లేకుంటే బోనస్, గ్రాట్యుటీ, సెలవు కూడా పోతయి, అప్పుడు పూరా 4,463 ఆయనకు మిగులుతది. 113 కోసం 4,463 ఇడిసిపెట్టే బేరం ఇది. పైగా ఇది మనం రాసిస్తే చెల్లే విషయం కాదు. 20 మంది ఉన్న కార్ఖానాలో బేసిక్, డీఏ 15,000 వరకు ఉన్నవానికి ఫండు కట్టాల్సిందే. వద్దని సంతకం పెట్టినా చట్టం ముందు ఆ కాగితానికి విలువ లేదు.

నేను మిల్లులో పని చేసిన, మిల్లు మూతపడ్డంక టవల్ కార్ఖానాలో చేసిన. మిల్లు మూతపడ్డనాడు చూసిన సంగతి చెప్త. ఒకే ఖాతాలో, ఒకే పాలిలో, పక్కపక్కన నిలబడి పని చేసినోళ్ళమే. రిజిస్టర్‌లో పేరున్న వాళ్ళకు ఫండు వచ్చింది, ఆలస్యమైనా గ్రాట్యుటీ వచ్చింది. కొందరు ఆ పైసలతో బిడ్డ పెండ్లి చేసిండ్రు, కొందరు పత్రాల ఇంటి మీద స్లాబు వేసుకున్నరు. ఏండ్ల తరబడి చిట్టి మీద కూలి తీసుకున్న వాళ్ళకు అన్నం డబ్బా ఒక్కటే ఇంటికి వచ్చింది. పనిలో తేడా లేదు. కాగితంలో తేడా.

సేటు ఖర్చు తగ్గించుకునే దారులు కొన్ని ఉన్నయి. ఇవి మీ కండ్లముందే జరుగుతుంటయి కాబట్టి ఎరుకలో ఉండాలె.

ఒకటి, ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద రాస్తరు. సేటు పేరు మీద కొన్ని సాంచలు, తమ్ముని పేరు మీద కొన్ని, భార్య పేరు మీద కొన్ని. ఏ పేరు కింద చూసినా 20 మంది కారు. కాని పని, లెక్క, మాలకు ఒక్కటే అయితే వేరువేరు శాఖలను ఒకే సంస్థగా చూడాలని ఫండు చట్టంలోనే ఉన్నది.

రెండు, "వీళ్ళు నా మనుషులు కారు, పీసు మీద కూలి తీసుకుంటరు" అంటరు. పీసు లెక్కన తీసుకున్నా, మీటరు లెక్కన తీసుకున్నా కార్మికుడు కార్మికుడే. మన ఇండ్లలో బీడీలు చుట్టే అక్కల సంగతే చూడండి. ఇంట్లో కూర్చుని, వెయ్యి బీడీల లెక్కన మజూరి తీసుకునే వాళ్ళకు కూడా ఫండు వర్తిస్తదని సుప్రీం కోర్టు 1985లోనే తీర్పు చెప్పింది. ఇంట్లో చుట్టే బీడీకే ఫండు ఉంటే కార్ఖానాలో నడిచే సాంచకు ఎందుకు ఉండదు?

మూడు, నడుమ ఠేకేదారును పెడతరు. పట్టణాల్లో ఇది ఎక్కువ. వాచ్‌మెన్ పని, హౌస్‌కీపింగ్ పని, గోడౌన్ పని అన్నీ ఠేకేదారు మీదనే. ఠేకేదారు ఫండు, ఈఎస్‌ఐ కట్టకుంటే అసలు కంపెనీ కట్టాలె. ఈ మాట పిల్లలకు చెప్పి పంపండి.

నాలుగు, సేటు తన వంతు 12 శాతాన్ని కూడా మన పగార్‌లోనే కోస్తడు. 15,000 అని మాట్లాడుకుని 24 శాతం కోత పెడతడు. ఇది చట్టానికి విరుద్ధం. మాలకు వంతు మాలకే పెట్టాలె. ఫండు కడుతున్న అని చెప్పి మాట్లాడుకున్న పగార్ తగ్గించడానికి కూడా లేదు. సీటీసీ కాగితం తీసుకునే పిల్లలు సంతకానికి ముందే అడగాలె: ఇందులో మీ వంతు ఎంత, నా పగార్ ఎంత, చేతికి ఎంత?

ఇక సేటు చెప్పని ఖర్చు ఒకటి ఉన్నది. ఆయన పట్టీలో కూడా అది రాసి ఉండదు. పాత మనిషి పనిడిసి పోతే పడే ఖర్చు.

టవల్ సాంచకు రెండు బీములు ఉంటయి. ఒకటి గ్రౌండు, ఒకటి పైలు. పైలు పోగు బిగువు తప్పితే లూపు ఒక దిక్కు ఎత్తుగ, ఒక దిక్కు అణిగి వస్తది. ఆ టవల్ సెకండ్స్‌లోకి పోతది, సగం ధరకు అమ్ముకోవాలె. పాత మనిషి సాంచ చప్పుడు విని చెప్తడు, ఏడనో ఏదో తప్పిందని. కొత్త పిల్లవానికి తెగిన పోగు అతకడమే సరిగ్గ రాదు. వాడు నేర్చుకునేదాక సాంచ ఆగుడు, సరుకు చెడుడు, జాబర్ పని ఇడిసి వాని వెంబడి తిరుగుడు. ఆర్డర్ తారీఖు దాటితే వ్యాపారి మాట పడుడు. ఇదంతా మనిషి ఖర్చే. కాని సేటు దీన్ని మనిషి ఖాతాలో రాయడు, నసీబు ఖాతాలో రాస్తడు.

మనిషి పోకుండా ఆపడానికి సేటు ఉచల్ ఇస్తడు. పెండ్లికి, దవాఖానకు వేలకు వేలు ముందే ఇస్తడు. ఆయనకు అది ఇరుక్కున్న పెట్టుబడి. మనకు అది కాళ్ళకు గొలుసు. ఇంకొక కార్ఖానాలో మంచి పగార్ దొరికినా ఉచల్ తీర్చనిది పోరాదు. అదే మనిషికి ఫండు, గ్రాట్యుటీ ఉంటే ఉచల్ లేకున్నా అక్కడనే ఉంటడు. అయిదేండ్లు నిండితే గ్రాట్యుటీ హక్కు వస్తదని, పదేండ్లు నిండితే పెన్షన్ హక్కు వస్తదని లెక్క పెట్టుకుంటడు. 4,463 మిగిలిచ్చుకున్న అనుకునే సేటు, ఏటా కొత్త పిల్లలకు పని నేర్పుకుంట ఎంత పోగొట్టుకుంటున్నడో ఒక్కసారి రాసుకుని చూడాలె. ఈ పత్రిక సేట్ల ఇండ్లకు కూడా పోతది. చదివితే సంతోషం.

సేట్లను తిట్టడానికి ఇది రాస్తలేను. మన దగ్గర చాలామంది సేట్లు నిన్న మొన్న సాంచ నడిపినోళ్ళే. పన్నెండు సాంచల మీద అప్పు తెచ్చినోడు నూలు ధరకు భయపడతడు, కరెంటు బిల్లుకు భయపడతడు. తాను ఫండు కడితే, పక్క షెడ్డువాడు ఎగ్గొట్టి తక్కువకు అమ్ముతడు. ఈ బాధ నిజమే. అందుకే అందరూ కట్టాలంటున్న. అందరూ కడితే ఎవ్వనికీ అన్యాయం కాదు. ఒక్కడు కట్టి పదిమంది ఎగ్గొడితేనే కట్టినోడు మునుగుతడు.

మనిషి ఖర్చులో ఇంకొకటి ఉన్నది. ఇల్లు. పట్టణంలో పని చేసే మనిషి పట్టణంలో పండుకోవాలె కదా. ఆ కిరాయి ఎవరు పెట్టాలె? ముంబైలో 1982 జనవరి 18న దత్తా సామంత్ వెంట రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగిండ్రు. పగార్ పెంపుతో పాటు బదిలీలను పర్మనెంట్ చేయాలని, ఇంటి కిరాయి భత్యం ఇవ్వాలని అడిగిండ్రు. మనవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నరు. ఆ సమ్మె ఎట్ల అయిందో మీకు ఎరుకే. కిరాయి మాట అప్పటి సంది అట్లనే ఉన్నది.

షోలాపూర్‌లో కిరాయి భారం ఎవరు మోసిండ్రు? మొగడు సాంచ నడిపితే, పెండ్లాం బీడీలు చుట్టింది. సాంచ పగార్‌తో తిండి, బీడీ మజూరితో ఖోలి కిరాయి. నా ఇంట్లో ఇదే లెక్క నడిచింది, మీ ఇంట్లో కూడా ఇదే నడిచి ఉంటది. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం 10,000 ఇండ్లు అయినయి. నర్సయ్య ఆడం, యూనియన్ వాళ్ళు ఏండ్ల తరబడి కొట్లాడితే అయినయి. తర్వాత రేనగర్‌లో 30,000 ఇండ్ల పథకం వచ్చింది, 2024 జనవరిలో 15,000 ఇండ్ల తాళాలు ఇచ్చిండ్రు. ఆ ఇండ్లకు పైసలు సర్కారు పెట్టింది, మన ఆడోళ్ళు వాటా కట్టిండ్రు. సంతోషమే. కాని మనసులో పెట్టుకోండి, మనిషి ఖర్చులో సేటు పెట్టనిది మాయం కాదు. ఇంటి ఆడమనిషి వేళ్ళ మీద పడుతది, లేకుంటే సర్కారు ఖజానా మీద పడుతది. ఫండు కట్టకుంటే ముసలితనంలో తండ్రి ఖర్చు కొడుకు మీద పడుతది. ఈఎస్‌ఐ కట్టకుంటే రోగం వచ్చిననాడు వడ్డీ సావుకారి మీద పడుతం. ఖర్చు అంతే ఉంటది, మోసేటోడు మారుతడు.

ఈఎస్‌ఐ దవాఖానలో లైను పెద్దగ ఉంటది, మందులు ఒక్కొక్కసారి దొరకవు. నిజమే. కాని సరిపోయినన్ని దినాలు వంతు కట్టి ఉంటే రోగంతో ఇంట్లో ఉన్నప్పుడు పగార్‌లో 70 శాతం, ఏడాదికి 91 దినాల వరకు వస్తది. ఆడబిడ్డకు కాన్పుకు 26 వారాల పగార్ వస్తది. ప్రైవేటు దవాఖానలో ఎవ్వరూ మనకు పగార్ ఇయ్యరు.

ఈ నెల ఇంట్లో చేయవలసిన పని ఒక్కటే. పగార్ పట్టీ ముందల పెట్టుకుని ఇంట్లో చదువుకున్న పిల్లవానితో లెక్క చేయించండి. బేసిక్, డీఏ ఎంత రాసిండ్రు, ఫండు కోత ఎంత, ఈఎస్‌ఐ నంబరు ఉన్నదా లేదా చూడండి. ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిచి యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ చూడండి. పట్టీలో కోసిన పైసలు, సేటు వంతు పైసలు రెండూ అందులో పడుతున్నయా? పట్టీలో కోత ఉండి పాస్‌బుక్‌లో లేకుంటే ఆ నెలలోనే అడగండి. మూడేండ్ల తర్వాత అడిగితే కాగితాలు దొరకవు. ఒక్కరు పోతే సేటుకు కోపం వస్తది, పదిమంది కలిసి యూనియన్‌తో పోతే జవాబు వస్తది. పట్టీనే ఇయ్యని చోట అయితే హజిరి కార్డు, కూలి చిట్టీలు, బ్యాంకులో పగార్ పడ్డ పుస్తకం పారేయకండి. రేపు మన సాక్షి అవే.

ఆ తమ్మునికి నా జవాబు: ఒప్పుకోకు. "మనిషిని పెట్టుకుంటే ఎంత పడుతదో ఎరుకనా" అని సేటు మళ్ళ అంటే, "ఎరుకే సేట్, 19,463. అందులో మా పేరు మీద పడాల్సింది పడిందా?" అని నిమ్మళంగ అడుగు.

గ్రాట్యుటీ అర్జీ ఎట్ల పెట్టాలె, ఏ కాగితాలు జతచేయాలె అని నలుగురైదుగురు అడిగిండ్రు. వచ్చే నెల దాని గురించి రాస్త.